యాంటీ ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహక మెదడువాపు

యాంటీ ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహక మెదడువాపు మెదడుకు వచ్చే ఒక ఆత్మప్రతిరక్షక వ్యాధి (ఆటోఇమ్యూన్ వ్యాధి). సూక్ష్మజీవుల నుండి శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత కణజాలం మీదనే దాడి చేయడం వలన కలిగే వ్యాధులను ఈ పేరుతో పిలుస్తారు. ఆ దాడి కీళ్ళ మీద జరిగితే కీళ్ళు వాచి నొప్పి పుడతాయి. చర్మానికి రంగునిచ్చే కణాల మీద జరిగితే బొల్లి వస్తుంది. మెదడులోని నాడీకణాల మీద జరిగినపుడు మాత్రం రోగి మాట, నడవడి, జ్ఞాపకశక్తి మారిపోతాయి. అందువలన ఈ వ్యాధిని తొలిదశలో మనోవ్యాధిగా పొరబడటం చాలా సాధారణం. సకాలంలో గుర్తిస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

తెలుగునాట మెదడువాపు అనగానే దోమకాటు వలన వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, లేదా 2003లో పిల్లలను బలిగొన్న చాందీపుర వైరస్ గుర్తుకు వస్తాయి. ఇది ఆ కోవకు చెందినది కాదు. దీనికి కారణం వైరస్ కాదు, ఇది ఒకరి నుండి మరొకరికి అంటుకోదు.

చరిత్ర

అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉన్న నలుగురు యువతులలో మానసిక లక్షణాలు, స్పృహ తగ్గడం, శ్వాస మందగించడం ఒకే తీరుగా కనిపించినట్లు 2005లో ఒక నివేదిక వెలువడింది. 2007లో స్పెయిన్ దేశానికి చెందిన నాడీవైద్యుడు జోసెప్ దాల్మావ్, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నపుడు, తన సహచరులతో కలిసి ఇటువంటి 12 మంది స్త్రీలను పరిశీలించాడు. వారి శరీరంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మెదడులోని ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకానికి అతుక్కుంటున్నాయని ఆ బృందం కనుగొన్నది. వ్యాధికి పేరు అప్పుడే వచ్చింది. అంటే అంతకు ముందు ఈ వ్యాధి లేదని కాదు. 2007కు పూర్వం దీని బారిన పడినవారు వేరే ఏదో పేరుతో, బహుశా వేరే ఏదో వార్డులో, చికిత్స పొంది ఉంటారు.

2012లో ప్రచురితమైన కాలిఫోర్నియా పరిశీలన ఒకదాని ప్రకారం, అక్కడ నమోదైన మెదడువాపు రోగులలో 30 ఏళ్ళ లోపువారి విషయంలో ఏ ఒక్క వైరస్ కంటెను ఈ వ్యాధియే ఎక్కువగా కారణమైనది.

వ్యాధి కలిగే విధానం

ఒక నాడీకణం మరొక నాడీకణానికి సంకేతం పంపేటపుడు గ్లుటమేట్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. అందుకునే కణం పొర మీద ఈ రసాయనాల కోసం ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. తాళానికి తగిన తాళంచెవి వలె, గ్లుటమేట్ వచ్చి చేరినపుడు గ్రాహకం తెరుచుకుంటుంది. ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకం ఇటువంటి వాటిలో ఒకటి. నేర్చుకోవడానికి, గుర్తుంచుకోవడానికి ఇది ఎంతో అవసరం.

రోగి ప్రతిరక్షకాలు ఈ గ్రాహకాలను జంటలు జంటలుగా కలిపి పట్టుకుంటాయి. అపుడు కణం వాటిని పొర మీద నుండి లోపలికి లాగివేస్తుంది. పొర మీద గ్రాహకాల సంఖ్య తగ్గిపోయి సంకేతాలు అందవు. ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. ఈ క్రమంలో నాడీకణం చనిపోదు. ప్రతిరక్షకాలు తొలగిపోతే గ్రాహకాలు మరల పొర మీదకు చేరుతాయి. నెలల తరబడి అచేతనంగా ఉన్న రోగి కూడా తిరిగి లేచి చదువుకో, ఉద్యోగానికో వెళ్ళగలగడానికి మూలం ఇదే.

గ్రాహకాలు మూసుకుపోతే మతి ఎందుకు చెదురుతుందన్న ప్రశ్నకు కెటమిన్ అనే మత్తుమందు కొంత సమాధానం ఇస్తుంది. ఈ మందు ఇదే గ్రాహకాన్ని అడ్డగిస్తుంది. కెటమిన్ మత్తు నుండి తేరుకుంటున్నవారిలో కొందరికి వింత దృశ్యాలు కనిపిస్తాయి, తాము తమ శరీరం నుండి విడిపోయినట్లు తోస్తుంది. మందు ప్రభావం కొద్దిసేపటిలో తగ్గిపోతుంది. ప్రతిరక్షకాల ప్రభావం వారాలు, నెలలు కొనసాగుతుంది.

ప్రతిరక్షకాలు పుట్టడానికి కారణం అందరిలోను ఒకటి కాదు. టెరటోమా గడ్డలో వెంట్రుకలు, పళ్ళు, కొన్నిసార్లు నాడీకణజాలం కూడా పెరుగుతాయి. ఆ నాడీకణజాలాన్ని పరాయిదిగా భావించి తయారైన ప్రతిరక్షకాలు అసలు మెదడును కూడా వదలవు. కొందరికి హెర్పిస్ వైరస్ వలన వచ్చిన మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు ఇది మొదలవుతుంది. మిగిలిన చాలామందిలో కారణం తెలియదు.

లక్షణాలు

తరచు జ్వరం, తలనొప్పి వంటి సామాన్య లక్షణాలతో మొదలవుతుంది. కొన్ని రోజులలో నిద్ర పట్టకపోవడం, భయం, అనుమానాలు, లేనివి కనిపించడం, వినిపించడం, ఆపకుండా మాట్లాడటం లేదా అసలు మాట్లాడకపోవడం వంటి మార్పులు వస్తాయి. నిన్నటి వరకు చక్కగా ఉన్న పిల్ల ఇంట్లోవారిని శత్రువులుగా చూస్తుంది. 2008లో ప్రచురితమైన 100 మంది రోగుల పరిశీలనలో 77 మంది మొదట చేరినది మానసిక వైద్యుల వద్దకే. మన పల్లెలలో ఇటువంటి ప్రవర్తనను గాలి సోకినదని, చేతబడి అని భావించి భూతవైద్యుల వద్దకు తీసుకొని వెళ్ళే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అక్కడ గడిచే ప్రతి వారమూ చికిత్సకు నష్టమే.

తరువాత మూర్ఛలు, మూతి, నాలుక, చేతులు తమంతట తామే కదలడం, కొయ్యబారిపోవడం, స్పృహ తగ్గడం కనిపిస్తాయి. గుండె వేగం, రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పుతాయి. శ్వాస మందగించి కృత్రిమ శ్వాస పెట్టవలసి రావచ్చు. పిల్లలలో మానసిక మార్పుల కంటె మూర్ఛలు, అసంకల్పిత కదలికలే ముందుగా బయటపడవచ్చు.

నిర్ధారణ

మెదడు ఎమ్.ఆర్.ఐ. స్కాన్ చాలామందిలో మామూలుగానే ఉంటుంది. స్కాన్ బాగున్నదని ఊరట చెందరాదు. ఈ.ఈ.జి. పరీక్షలో తేడా ఎక్కువమందిలో కనిపిస్తుంది. నడుము వద్ద సూదితో తీసిన వెన్నుద్రవంలో ప్రతిరక్షకాలను గుర్తించడం ముఖ్యమైన పరీక్ష. రక్తపరీక్షలో కనిపించకపోయినా వెన్నుద్రవంలో కనిపించవచ్చు. స్త్రీలలో అండాశయపు గడ్డ ఉన్నదేమో తప్పక వెతుకుతారు.

మతిభ్రమ ఉన్న ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నదని అర్థం కాదు. స్కిజోఫ్రీనియా రోగులలో అత్యధికులకు ఈ ప్రతిరక్షకాలు ఉండవు. అయితే మతిభ్రమ హఠాత్తుగా ముదిరినపుడు, దానితో పాటు మూర్ఛలు, అసాధారణ కదలికలు, స్పృహలో తేడా ఉన్నపుడు, మానసిక రోగాలకిచ్చే మందులు వాడగానే శరీరం బిగుసుకుపోయి పరిస్థితి విషమించినపుడు ఈ కోణంలో పరీక్షించాలని 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సూచించింది.

చికిత్స, ఫలితాలు

గడ్డ ఉంటే శస్త్రచికిత్సతో తొలగిస్తారు. మొదట స్టిరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, లేదా రక్తంలోని ప్లాస్మాను మారుస్తారు. వీటికి లొంగకపోతే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ వాడతారు. 2013లో ప్రచురితమైన 577 మంది రోగుల అధ్యయనం ఈ వ్యాధిపై పెద్ద అధ్యయనాలలో ఒకటి. అందులో 81 శాతం స్త్రీలు, సగం మంది 21 ఏళ్ళ లోపువారు. రెండేళ్ళపాటు గమనించిన వారిలో 81 శాతం మంది తమ పనులు తాము చేసుకోగల స్థితికి వచ్చారు. వ్యాధి తిరగబెట్టిన వారు రెండేళ్ళలో సుమారు 12 శాతం. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగని కూడా ఈ అధ్యయనం తెలిపింది.

కోలుకోవడం నిదానంగా, వచ్చిన క్రమానికి తలక్రిందులుగా జరుగుతుంది. శ్వాస, స్పృహ ముందు కుదుటపడతాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, నిదానించి నిర్ణయం తీసుకునే నేర్పు చివరకు వస్తాయి. మనిషి లేచి తిరుగుతున్నా చదువులో వెనుకబడితే సోమరితనంగా భావించరాదు. జబ్బులో గడిపిన రోజులు చాలామందికి గుర్తుండవు.

సుసానా కహలన్

న్యూయార్క్ పోస్ట్ పత్రిక విలేఖరి సుసానా కహలన్ 2009లో, 24 ఏళ్ళ వయసులో, ఈ వ్యాధికి గురైంది. మద్యం వలన వచ్చిన లక్షణాలని ఒక వైద్యుడు భావించాడు. నాడీవైద్యుడు సుహేల్ నజ్జార్ ఆమెను గడియారం బొమ్మ గీయమన్నాడు. ఆమె అంకెలన్నిటినీ వృత్తానికి కుడివైపుననే కుక్కింది. ఎడమ ప్రక్కను ఆమె మెదడు పట్టించుకోవడం లేదని, జబ్బు మెదడు కుడి అర్ధభాగంలో ఉన్నదని దీనివలన ఆయన గ్రహించాడు. కాగితము, కలము తప్ప మరేమీ అక్కరలేని పరీక్ష ఇది. తరువాతి పరీక్షలలో వ్యాధి రుజువైంది. కోలుకున్నాక ఆమె వ్రాసిన 'బ్రెయిన్ ఆన్ ఫైర్' పుస్తకం 2012లో వెలువడింది. తనకు గుర్తులేని రోజులను వైద్యుల వ్రాతలు, ఆసుపత్రి వీడియోలు, తండ్రి దినచర్య పుస్తకం ఆధారంగా ఆమె తిరిగి కూర్చవలసి వచ్చింది.

ఇతర విశేషాలు

బెర్లిన్ జంతుప్రదర్శనశాలలోని క్నూట్ అనే ప్రసిద్ధ ధ్రువపు ఎలుగుబంటి 2011లో సందర్శకుల కళ్ళెదుటే మూర్ఛ వచ్చి నీటిలో పడి మరణించింది. దాచి ఉంచిన నమూనాలను తిరిగి పరీక్షించగా ఇదే ప్రతిరక్షకాలు బయటపడినట్లు 2015లో పరిశోధకులు ప్రకటించారు. మనుషులలో కాక ఒక జంతువులో సహజంగా ఈ వ్యాధిని గుర్తించడం అదే మొదటిసారి.