ఒత్తిడిని కొలిచే ప్రశ్నలు - మన మాటల్లోకి తేవడమెలా?

జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉంది. రక్తపోటును కొలవడానికి యంత్రం ఉంది. మరి మనసు మీద పడే భారాన్ని దేనితో కొలవాలి? దీనికి ఆధునిక మనస్తత్త్వ శాస్త్రం ఇచ్చిన సమాధానం ప్రశ్నావళి. ఇది మన సంప్రదాయానికి కొత్తదేమీ కాదు. రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే మూడు మార్గాల్లో పరీక్షించాలని వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయంలో ఏనాడో చెప్పాడు. చరకుడు చెప్పిన దశవిధ పరీక్షలో 'సత్త్వ పరీక్ష' మనోబలానికి సంబంధించినదే. ప్రవర, మధ్యమ, అవర సత్త్వులని మనుషులను మూడు విధాలుగా గుర్తించి, ఎవరు ఎంత కష్టాన్ని ఓర్చుకోగలరో వైద్యుడు ముందుగా తెలుసుకోవాలన్నాడు.

అయితే ప్రశ్న సరిగా అర్థమైతేనే జవాబు సరిగా వస్తుంది. ఒక దేశంలో పుట్టిన ప్రశ్నావళిని మరో భాషలోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులను పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పది ప్రశ్నల కొలబద్ద

శరీరంపై ఒత్తిడి చూపే ప్రభావాన్ని 1936లో హాన్స్ సెల్యే శాస్త్రీయంగా వివరించాడు. 1983లో అమెరికాకు చెందిన షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 'పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేలు' అనే ప్రశ్నావళిని వెలువరించారు. మొదట ఇందులో 14 ప్రశ్నలు ఉండేవి. 1988లో వెలువడిన 10 ప్రశ్నల రూపం నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. గడిచిన నెల రోజుల్లో ఫలానా భావన మీకు ఎంత తరచుగా కలిగింది అని అడుగుతారు. ఒక్కొక్క జవాబుకు 0 నుండి 4 వరకు మార్కులు. మొత్తం 40. పదింటిలో నాలుగు ప్రశ్నలు ధైర్యాన్ని, నిబ్బరాన్ని గురించినవి కనుక వాటి మార్కులను తిరగవేసి లెక్కించాలి. ఇది రోగ నిర్ధారణ పరీక్ష కాదని, మనిషి తన జీవితాన్ని ఎంత భారంగా భావిస్తున్నాడో తెలిపే కొలత మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

చైనా అనుభవం చెప్పే పాఠం

ఇటువంటి ప్రశ్నావళులు చైనా భాషలోకి కూడా వెళ్ళాయి. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులపై వాటిని విస్తృతంగా ఉపయోగిస్తున్నారు. కాని చైనీయులు మనోవ్యథను చెప్పుకునే తీరు వేరు. మనసు బాగాలేదని అనడానికి బదులు తలనొప్పి, నిద్రలేమి, నీరసం అని శరీర బాధల రూపంలో చెప్పుకోవడం అక్కడ ఎక్కువ. 1980లో హూనాన్‌లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా వైద్యుడు, 'నరాల బలహీనత' అని అక్కడ నిర్ధారించిన 100 మంది రోగులను పరిశీలించి, వారిలో 87 మందికి తీవ్రమైన మానసిక కుంగుబాటు లక్షణాలు ఉన్నాయని 1982లో ప్రకటించాడు. మాట మారితే రోగం పేరే మారిపోతుందన్నమాట.

ఇదే మాట మనకూ ఒక హెచ్చరిక. ఆంగ్ల ప్రశ్నావళిలో 'నెర్వస్'గా అనిపించిందా అనే అర్థం వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. దానిని నిఘంటువు చూసి 'నరాల బలహీనత' అని తెలుగు చేస్తే ఏమవుతుంది? గోడల మీది ప్రకటనల పుణ్యమా అని మన పల్లెల్లో ఆ మాటకు లైంగిక బలహీనత అనే అర్థం స్థిరపడిపోయింది. ఏ విద్యార్థి 'అవును' అని రాస్తాడు? సున్నా వేసి కాగితం తిరిగి ఇస్తాడు.

గుడిబండ విద్యార్థికి ఏ తెలుగు?

మా గుడిబండ కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి పిల్లలు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, పై చదువులకు మడకశిర, హిందూపురం వెళ్ళాక ఆంగ్లం - ఇలా మూడు భాషల మధ్య పెరుగుతారు. 'ఒత్తిడి' అనేది వారికి పత్రికల్లో కనబడే మాట. నోటి మాట 'టెన్షన్'. లేదా 'బేజారు', 'యాష్ట'. బేజారు అంటే మనసు విరిగిపోవడం, యాష్ట అంటే విసుగు ముదిరి చేతులెత్తేయడం. ఈ రెండూ ఒకటి కావు.

'దిగులు' అనే మాటనే తీసుకోండి. కోస్తా జిల్లాల వారికి అది బెంగ, విచారం. కన్నడంలో 'దిగిలు' అంటే హడలిపోవడం, భయం. సరిహద్దు పల్లెల్లో ఆ అర్థమే ముందు తడుతుంది. 'నెల రోజుల్లో దిగులు కలిగిందా?' అని అడిగితే కాకినాడ విద్యార్థి ఒకదానికి, గుడిబండ విద్యార్థి మరొకదానికి జవాబు చెబుతారు. మార్కులు మాత్రం ఒకే పట్టికలో పడతాయి.

ఇంకొక చిక్కు. 'ముఖ్యమైన విషయాలు నీ అదుపులో లేవనిపించిందా?' అనే భావం గల ప్రశ్న ఒకటి ఉంది. వానను నమ్ముకొని వేరుశనగ వేసే ఇంటి బిడ్డకు, వాన తన చేతిలో లేదని తెలియడం వ్యథ కాదు, వివేకం. కనుక 'చదువు, ఇల్లు, స్నేహం వంటివి నీ చేయి దాటిపోతున్నాయనిపించిందా?' అని విడమరచి అడగడం ఉత్తమం.

సక్రమమైన పద్ధతి

1. ఇద్దరు వేర్వేరుగా ప్రశ్నలను తెలుగు చేయాలి. తరువాత కూర్చుని రెండింటినీ కలిపి ఒకటిగా తీర్చిదిద్దాలి.

2. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఆంగ్లంలోకి మార్చాలి. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన ఈ పద్ధతి వల్ల అర్థం ఎక్కడ జారిపోయిందో బయటపడుతుంది.

3. కొందరు విద్యార్థులకు ప్రశ్న వినిపించి, 'నీకు ఏమని అర్థమైంది?' అని వారి మాటల్లోనే చెప్పించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే.

4. రెండు వారాల తరువాత మళ్ళీ అడిగి, జవాబులు నిలకడగా ఉన్నాయా అని చూడాలి. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అన్నది గణితం ద్వారా తేల్చాలి.

5. కాగితంపై పేరు రాయించకూడదు. అధ్యాపకుడు ఎదుట నిలబడి ఉంటే పిల్లలు ఉన్నది రాయరు, మెప్పించేది రాస్తారు.

కొన్నిచోట్ల మాటలే కాదు, ప్రశ్నలే మార్చవలసి వస్తుంది. అమెరికాలో 1967లో హోమ్స్, రాహే తయారుచేసిన జీవిత సంఘటనల పట్టికలో క్రిస్మస్ పండుగ ఉంది. 1984లో గుర్మీత్ సింగ్, ఆయన సహచరులు మన దేశానికి తగినట్లు 51 సంఘటనలతో రూపొందించిన పట్టికలో కూతురి పెళ్ళి, తీర్థయాత్ర వంటివి చోటు చేసుకున్నాయి.

ఔషధాలకూ ఈ కొలతే ఆధారం

ఇదంతా పండితుల చర్చ అని కొట్టివేయడానికి వీలులేదు. 2012లో ప్రకటితమైన హైదరాబాదు పరిశోధనలో 64 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 60 రోజులు ఇచ్చారు. రెండవ జట్టుకు మందు లేని మాత్రలు ఇచ్చారు. అశ్వగంధ వాడిన వారిలో ఒత్తిడి ఎక్కువగా తగ్గిందని తేల్చడానికి వాడిన కొలతల్లో పైన చెప్పిన ప్రశ్నావళి ఒకటి. కొలబద్ద వంకరైతే మందు గుణం కూడా వంకరగానే కనిపిస్తుంది.

పాఠకులకు సూచనలు

వేళకు నిద్ర, వేళకు భోజనం, వారానికొకసారి నువ్వుల నూనెతో అభ్యంగన స్నానం విద్యార్థులకు మేలు చేస్తాయి. అర చెంచా పెన్నేరు గడ్డ (అశ్వగంధ) చూర్ణాన్ని రాత్రివేళ గోరువెచ్చని పాలతో తీసుకోవడం వాడుకలో ఉంది. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు.

మీ పిల్లవాడు ఏదో ప్రశ్నావళిలో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడని నిశ్చింతగా ఉండకండి. తిండి తగ్గినా, నిద్ర చెడినా, స్నేహితులకు దూరమైనా, బ్రతుకు మీద విరక్తి మాటలు దొర్లినా వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అన్నిటికీ ముందు, 'ఏం నాయనా, ఎట్లుండావు?' అని ఇంటి మాటలో అడగండి. జవాబు పూర్తయ్యేదాకా ఓపికగా వినండి.