మీకు తెలుసా? ఆ బొమ్మ చెక్కింది ఆవిడే!

మనిషి రూపాన్ని రాతిలోనో కంచులోనో నిలబెట్టాలంటే ఎముకల అమరిక తెలియాలి, కండ కదలిక తెలియాలి, పోత పోయించే ఖర్చూ భరించాలి. ఇవన్నీ దాటుకొచ్చిన ఆడవాళ్ళకు చివర్లో ఇంకో ప్రశ్న ఎదురయ్యేది: ‘నిజంగా నువ్వే చేశావా?’ అలాంటి కొందరి సంగతులు, వాళ్ళ పనిని నిలబెడుతున్న కొన్ని చోట్ల సంగతులు ఇవి.

గురువు పేరు తీసి శిష్యురాలి పేరు

పారిస్‌కు వంద కిలోమీటర్ల దూరంలో నోజాన్ సుర్ సేన్ అనే చిన్న ఊరుంది. అక్కడి పాత మ్యూజియానికి పాల్ దుబువా, ఆల్‌ఫ్రెడ్ బుషే అనే ఇద్దరు శిల్పుల పేర్లుండేవి. 2017 మార్చిలో దాన్ని కొత్తగా తీర్చిదిద్ది తెరిచినప్పుడు కమీయ్ క్లోదేల్ (1864-1943) పేరు పెట్టారు. చిన్నతనంలో కమీయ్ ఆ ఊళ్ళోనే మట్టిబొమ్మలు చేస్తుంటే చూసి మెచ్చుకుని, దారి చూపింది ఈ బుషేనే. వాళ్ళ కుటుంబం అద్దెకున్న ఇల్లు కూడా ఇప్పుడు మ్యూజియంలో భాగం. ఆమె చేసినవి నలభైకి పైగా అక్కడున్నాయి. చాలాకాలం లోకం ఆమెను ప్రసిద్ధ శిల్పి రోడిన్ శిష్యురాలిగా, ప్రేయసిగానే చెప్పుకుంది.

కాళిదాసు కథ, పారిస్ బహుమతి

కమీయ్‌కి మొదట పేరు తెచ్చిన పెద్ద శిల్పం ఏమిటో తెలుసా? శకుంతల! శాపం తీరి జ్ఞాపకం వచ్చాక దుష్యంతుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆమెను చుట్టేసుకుంటాడు. శకుంతల కళ్ళు మూసుకుని అతని మీదికి వాలిపోతుంది. క్షమాపణ అడిగేవాడూ, క్షమించేసిన మనిషీ ఆ ఒక్క వాలులోనే కనిపిస్తారు. 1888 పారిస్ సలోన్‌లో దీనికి ప్రశంసా గుర్తింపు వచ్చింది. 1905లో పాలరాతి ప్రతి చేసినప్పుడు మాత్రం దానికి వెర్టమ్నస్, పొమోనా అని రోమన్ పురాణ దంపతుల పేర్లు పెట్టారు. మన శకుంతల పేరు మరుగున పడిపోయింది.

గుడ్డ కప్పమన్నారు

నగ్న శిల్పాలు చేసిన మగవాళ్ళకు ఫ్రాన్సులో కొదవ లేదు. కమీయ్ ‘వాల్ట్జ్’ పేరుతో నాట్యమాడే జంటను నగ్నంగా మలిస్తే మాత్రం, 1892లో చూడటానికి వచ్చిన ప్రభుత్వ అధికారి అభ్యంతరం చెప్పాడు. ఆమె స్త్రీమూర్తికి నడుం కింద సుడి తిరిగే వస్త్రం చేర్చింది. సొంత బతుకులోనూ ఆమె మాట చెల్లలేదు. 1913లో తండ్రి పోయిన కొద్ది రోజులకే ఇంటివాళ్ళు ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. చనిపోయేదాకా, ముప్ఫై ఏళ్ళు, అలాంటి చికిత్సాలయాల్లోనే ఉండిపోయింది.

బళ్ళో చోటు లేదు

పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ‘ఎకోల్ దె బోజార్’ ఆడవాళ్ళను చేర్చుకున్నది 1897లో. అందుకే కమీయ్ లాంటివాళ్ళు ప్రైవేటు స్టూడియోల్లో డబ్బు కట్టి నేర్చుకున్నారు. అమెరికాలో హ్యారియట్ హాస్మర్‌ది ఇంకో అవస్థ. శరీర నిర్మాణం చదువుకోవడానికి సొంత ప్రాంతంలో వీలు కాక, దూరాన ఉన్న సెయింట్ లూయిస్ వెళ్ళి అక్కడి వైద్య కళాశాల ప్రొఫెసర్ దగ్గర పాఠాలు చెప్పించుకుంది.

పరువు నష్టం దావా

ఈ హాస్మర్ సామాన్యురాలు కాదు. రోమ్‌లో ఉంటూ, సంకెళ్ళతో నడిచే పామైరా రాణి జెనోబియాను పాలరాతిలో నిలబెట్టింది. అది చెక్కింది ఇటలీ పనివాడేనని లండన్ పత్రికల్లో రాతలొచ్చాయి. ఆవిడ కోర్టుకెక్కింది, పత్రిక దిగివచ్చింది. 1864లో ఒక వ్యాసంలో అసలు పద్ధతిని విడమరిచి చెప్పింది: శిల్పి మట్టి నమూనా చేస్తాడు, దాని కొలతలు పట్టి పనివాళ్ళు రాయి చెక్కుతారు. ఆ రోజుల్లో పేరున్న మగ శిల్పులూ ఇలాగే చేయించేవారు. వాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

గుర్రం సమాధి మీద క్లియోపాత్రా

తండ్రి వైపు నల్లజాతి, తల్లి వైపు ఒజిబ్వే ఆదివాసీ రక్తం ఉన్న ఎడ్మోనియా లూయిస్ ఈ గోలంతా చూసి, కూలీలను పెట్టుకోకుండా చాలావరకు తన రాయి తనే చెక్కుకుంది. ఆమె ‘క్లియోపాత్రా మరణం’ టన్నుకు పైగా బరువున్న పాలరాయి. సింహాసనం మీద రాణి తల ఒక పక్కకు వాలిపోయి, ప్రాణం పోయిన శరీరం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జనం విరగబడి చూశారు. ఆ తర్వాత అది ఒక సారాకొట్టుకు చేరింది. ఒక జూదరి కొని, క్లియోపాత్రా అనే తన పందెపు గుర్రం సమాధి మీద పెట్టించాడు! దశాబ్దాల పాటు ఎండకు ఎండి, వానకు నాని, చివరికి సామాను యార్డులో తేలింది. స్కౌట్ పిల్లలు మంచి మనసుతోనే దానికి రంగు కూడా వేశారు. ఇప్పుడు బాగు చేసి వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ కళా మ్యూజియంలో ఉంచారు.

పద్దెనిమిదేళ్ళకే లింకన్

అమెరికా పార్లమెంటు భవనం గోపురం కింద లింకన్ పాలరాతి విగ్రహం ఉంది. 1866లో ఆ పని అప్పగించేనాటికి విన్నీ రీమ్‌కు పద్దెనిమిదేళ్ళు. అమెరికా ప్రభుత్వం ఒక స్త్రీకి శిల్పం పని ఇవ్వడం అదే మొదలు. ఈ చిన్నపిల్లకా అని సెనేట్‌లో గట్టిగా వాదించుకున్నారు కూడా. 1871లో విగ్రహాన్ని ఆవిష్కరించారు.

కూల్చేసిన వీణ

1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం అగస్టా శావేజ్ పదహారు అడుగుల ‘హార్ప్’ చేసింది. పాడుతున్న నల్లజాతి పిల్లలే ఆ వాద్యానికి తంత్రులు. కంచు పోతకు డబ్బు లేక ప్లాస్టర్‌లోనే ఉండిపోయింది. ప్రదర్శన అయిపోగానే కూల్చేశారు. ఇవాళ చిన్న నకళ్ళే మిగిలాయి.

వరిపొలాల్లో శిల్పవనం

1910లో పారిస్‌లో గుర్రమెక్కిన ఫ్రెంచి వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ శిల్పాన్ని చూసిన న్యాయనిర్ణేతలు, ఇంత పెద్దది ఒక ఆడమనిషి ఒంటిచేత్తో చేసిందా అని సందేహపడ్డారు. చేసింది అన్నా హయట్. 1915లో దాని కంచు రూపం న్యూయార్క్‌లో వెలిసింది. పెళ్ళయ్యాక హంటింగ్టన్ ఇంటిపేరుతో, భర్తతో కలిసి 1931లో సౌత్ కరోలినాలోని పాత వరి ఎస్టేట్లలో బ్రూక్‌గ్రీన్ గార్డెన్స్ స్థాపించింది. మనిషి, జంతు రూపాల శిల్పాలకే పెద్దపీట వేసిన తోట అది. ఆ వైపు వెళ్ళే తెలుగువాళ్ళు మర్టిల్ బీచ్‌తో పాటు ఇదీ చూసి రావచ్చు.

బస్తర్ విద్య, ఢిల్లీ అశోకుడు

కోల్‌కతాలో పుట్టిన మీరా ముఖర్జీ (1923-1998) మ్యూనిక్‌లో శిల్పం చదువుకుని వచ్చి, బస్తర్‌లోని ఘరువా కళాకారుల దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకుంది. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి, పైన మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే విద్య అది. కళింగ యుద్ధానంతరం కుమిలిపోతున్న అశోకుడిని ఆమె అలా భారీ కంచులో పోసింది. ఢిల్లీలోని మౌర్య హోటల్లో ఆ విగ్రహం ఉంది. 1992లో పద్మశ్రీ వచ్చింది.

ఇదే పద్ధతి మన ఆదిలాబాద్ డోక్రా లోహకళది కూడా, దానికి 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. అచ్చు పగలగొడితేగాని బొమ్మ బయటికి రాదు గనక ఒకదానిలా మరొకటి ఉండదు. ఈసారి ఎగ్జిబిషన్‌లో డోక్రా బొమ్మ కొంటే, ధరతో పాటు చేసినవాళ్ళ పేరు కూడా అడిగి బిల్లు మీద రాయించుకోండి.