ఒంటరి సైకిలు మూలకు.. జట్టు సైకిలు బడికి
తోడు దొరికితేనే ముందుకు సాగుతున్న పల్లె బాలికల చదువు

ఏడో తరగతి వరకూ ఊళ్లోనే చదువు. ఆపై చదవాలంటే పొరుగూరి ఉన్నత పాఠశాలే దిక్కు. మధ్యలో ఉండే ఆ నాలుగైదు కిలోమీటర్ల దారే ఎందరో పల్లె బాలికల చదువుకు గండంగా మారుతోంది. సైకిలు కొనిచ్చినంత మాత్రాన ఈ గండం గట్టెక్కదు. వసారాల్లో, పశువుల పాకల్లో తుప్పు పడుతున్న సైకిళ్లే ఇందుకు తార్కాణం. ఎందుకు మూలన పడేశారని ఆరా తీస్తే తరచూ వినవచ్చే సమాధానం ఒక్కటే. ‘తోడు వెళ్లే పిల్ల మానేసిందండీ. మాది ఒక్కతే అంత దూరం ఎలా వెళుతుంది?’ చక్రానికి గాలి ఎంత అవసరమో, తొక్కే పిల్లకు తోడూ అంతే అవసరం. పథకాల కాగితాల్లో మాత్రం ఈ తోడుకు చోటుండదు.

ఐదు కిలోమీటర్ల లెక్క

2009 నాటి విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఈ చట్టం వర్తించేది 14 ఏళ్ల వయసు వరకే. తొమ్మిది, పది తరగతులు దాని పరిధిలోకి రావు. అదే ఏడాది ప్రారంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఉన్నత పాఠశాలకు ఐదు కిలోమీటర్ల దూరాన్ని ప్రమాణంగా పెట్టుకొంది. కాగితంపై ఐదు కిలోమీటర్లు చిన్న అంకె. కాలినడకన అయితే గంటకు పైమాటే. రానుపోను రెండు గంటలకు పైగా రోడ్డు మీదే గడిచిపోతాయి. సైకిలుపై అదే దూరం అరగంటలోపు ముగుస్తుంది. పల్లెవెలుగు బస్సు బడి వేళకు వస్తే సరేసరి. రాని ఊళ్ల మాటే ఇక్కడ ప్రస్తావన.

బడి మానిన పిల్ల ఇంట్లో ఖాళీగా ఉండదు. ముందు కూలి పనికి, వెనుక పెళ్లి చూపులకు దారి పడుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య మహిళలను అడగగా, 18 నిండకముందే పెళ్లయినట్లు చెప్పినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు. దీనికంతటికీ దారి దూరమే కారణమని చెప్పలేం. అయితే పదో తరగతి దాకా బడిలో ఉన్న పిల్ల పెళ్లి మాట కొన్నేళ్లయినా వెనక్కి జరుగుతుందన్నది పల్లెల్లో అందరూ ఎరిగినదే.

బిహార్ నేర్పిన పాఠం

బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు కొనుగోలు నిమిత్తం తలా రూ.2 వేలు ఇవ్వడం ప్రారంభించింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఈ పథకం ఫలితాలను బాలుర నమోదుతోనూ, పొరుగునున్న జార్ఖండ్ పరిస్థితితోనూ సరిపోల్చి చూశారు. ఉన్నత పాఠశాలలో చేరే వయసు బాలికల నమోదు 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని 2017లో ప్రచురితమైన వారి అధ్యయనం తేల్చింది. పెరుగుదల ప్రధానంగా కనిపించింది బడికి మూడు కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలో ఉన్న ఊళ్లలోనే.

ఇందులో మనకు పనికివచ్చే సంగతి మరొకటుంది. ఒక తరగతి బాలికలందరికీ ఒకేసారి సైకిళ్లు అందడంతో వారు గుంపుగా బడికి వెళ్లడం మొదలుపెట్టారు. గుంపు వల్ల దారిలో భద్రత పెరిగింది. ఆడపిల్ల సైకిలు తొక్కుతూ ఊరు దాటడం వింతగా చూసే అలవాటు తగ్గింది. సైకిలు విలువకు తోడు ఈ మార్పు కూడా ఫలితాలకు దోహదం చేసి ఉండవచ్చని పరిశోధకులు సైతం అభిప్రాయపడ్డారు. ఊళ్లో ఒక్క పిల్లకే సైకిలిచ్చి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. ఆఫ్రికాలోని జాంబియాలో బాలికలకు సైకిళ్లిచ్చి పరిశీలించినప్పుడు కూడా ప్రయాణ సమయం మూడో వంతుకు పైగా తగ్గింది, గైర్హాజరు తగ్గింది.

రాష్ట్ర విభజన అనంతరం 2014-19 మధ్య కాలంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరిట తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు పంపిణీ చేశారు. పంపిణీ రోజున వరుసగా నిలబెట్టి తీయించిన ఫొటోలు అప్పట్లో జిల్లా పేజీలన్నింటా దర్శనమిచ్చాయి. పాఠశాలలో ఏ ఊరి పిల్లలు ఎందరు, ఏ దారిన, ఎవరితో కలిసి వెళతారన్న జాబితా మాత్రం ఆ ఫొటోల పక్కన ఎన్నడూ కనిపించలేదు.

పుదుక్కోట్టైలో వేల చక్రాలు

తోడు మహిమ తెలియాలంటే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాను గుర్తు చేసుకోవాలి. 1991లో అక్కడ ‘అరివొళి ఇయక్కం’ పేరిట అక్షరాస్యతా ఉద్యమం సాగింది. నాటి కలెక్టర్ షీలారాణి చుంకత్ అందులో సైకిలు శిక్షణను కూడా చేర్చారు. వేలాది గ్రామీణ మహిళలు సైకిలు నేర్చారు. ఒకరు నేర్చి మరొకరికి నేర్పారు. ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లే ఎక్కారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకొనే వీలుండటంతో కొందరు వాటినే కోరి తీసుకొన్నారని పాత్రికేయుడు పి.సాయినాథ్ రాశారు. (దాదాపు అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో అక్షర ఉద్యమం సారా వ్యతిరేక పోరాటానికి బాట వేసింది. ఒకచోట చక్రం తిరిగింది, మరోచోట సారా కొట్టు మూతపడింది.) ఒక్క మహిళ సైకిలెక్కి ఉంటే వీధి నవ్వేది. వంద మంది ఎక్కేసరికి నవ్వేవారే పక్కకు తప్పుకొన్నారు.

ఎలాంటి తోడు కావాలి

తోడంటే పక్కన ఎవరో ఒకరు ఉండటం కాదు. తనకన్నా బలమైన పిల్ల వెనుక ఆయాసపడుతూ తొక్కే చిన్నపిల్లకు అది తోడు కాదు, శిక్ష. జట్టులో అందరికన్నా నెమ్మదిగా తొక్కే పిల్లను ముందు నుంచి రెండో స్థానంలో ఉంచి, ఆమె వేగాన్నే అందరి వేగంగా పాటించడం మేలైన పద్ధతి. దారి తెలిసిన పెద్దపిల్ల ముందు, నిబ్బరం గల మరో పెద్దపిల్ల చివర ఉండాలి. చివరనున్న ఆమెకే వెనుక వచ్చే లారీ చప్పుడు ముందుగా వినిపిస్తుంది. ఆమె కేక వేయగానే అందరూ ఒకే వరుసలోకి రావాలి. కబుర్ల కోసం ఇద్దరు ముగ్గురు పక్కపక్కన తొక్కడమే పల్లె దారుల్లో పెద్ద ప్రమాదం. కబుర్లు లేకుంటే జట్టు ఎందుకని పిల్లలు అడగవచ్చు. కాలువ గట్టు మీద చెప్పుకోవచ్చు, తారు రోడ్డెక్కాక వద్దు.

ఎదురుగాలి సంగతి చూద్దాం. బడులు తెరిచే జూన్, జులై మాసాల్లో పడమటి గాలి బలంగా వీస్తుంది. పడమరకు వెళ్లే పిల్ల నెమ్మదిగా తొక్కుతున్నా గాలి మాత్రం వేగంగానే ఎదురుకొడుతుంది. ముందున్న సైకిలు ఆ గాలిని కొంత చీల్చడంతో వెనుకనున్నవారికి శ్రమ తగ్గుతుంది. పందేల్లో పాల్గొనేవారు ముందున్న చక్రానికి జానెడు దూరంలో తొక్కి తమ శ్రమలో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆదా చేసుకొంటారు. బడి పిల్లలు అంత దగ్గరగా తొక్కరాదు. ఒక సైకిలు పొడవు ఎడం ఉంచినా ఎంతోకొంత ఉపశమనం దొరుకుతుంది. అయితే ముందు తొక్కే పని ఒక్కరికే అప్పగించకుండా వంతులవారీగా మార్చుకోవాలి.

చున్నీ విషయంలో తోడు కన్నే కాపలా. వెనుక చక్రం ఊచల్లోనో, గొలుసులోనో చున్నీ కొస చిక్కుకొంటే క్షణంలో కింద పడతారు. మెడకు చుట్టి ఉంటే ప్రాణానికే ముప్పు. తన చున్నీ జారిన సంగతి తొక్కే పిల్లకు కనిపించదు. వెనుకనున్న పిల్లకు కనిపిస్తుంది.

పంక్చరు పడితే జట్టు అసలు స్వభావం బయటపడుతుంది. దుకాణం సెంటర్లో ఉంటుంది, టైరు పొలాల మధ్య దిగిపోతుంది. బెల్లు కొడుతుందని మిగిలినవారు వెళ్లిపోతే ఆ పిల్ల ఆ రోజుకు ఇంటికి మళ్లుతుంది. అలా నాలుగుసార్లు జరిగితే బడికే దూరమవుతుంది. జట్టుకు ఒక గాలి పంపు, ఒక స్పానరు ఉంటే చిన్న తంటాలు దారిలోనే తీరతాయి. పంక్చరైన సైకిలును నడిపించుకొంటూ ఒకరు తోడుగా నడిస్తే, మిగిలినవారు ముందు వెళ్లి ఉపాధ్యాయునికి విషయం చెప్పవచ్చు. అలా ఆలస్యంగా వచ్చినవారిని గుమ్మం బయట నిలబెట్టకుండా చూడటం ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉంది.

సాయంత్రం గండం

పదో తరగతి వారికి శీతాకాలంలో ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. డిసెంబరులో కోస్తా జిల్లాల్లో సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. ఆరింటికి బడి వదిలితే దారంతా చీకటే. మిగిలిన తరగతుల పిల్లలు నాలుగున్నరకే వెళ్లిపోవడంతో జట్టు సగానికి విరిగిపోతుంది. ఉదయం ఆరుగురు వచ్చిన దారిన సాయంత్రం ఇద్దరే తిరిగి వెళ్లాల్సిన స్థితి. ఆకతాయిల బెడద ఎక్కువగా ఎదురయ్యేది అప్పుడే. ప్రత్యేక తరగతులను ఉదయానికి మార్చడం, లేదంటే ఒకే దారిలో వెళ్లే బాలురు, బాలికలను కలిపి పంపడం కొన్ని పాఠశాలలు అనుసరిస్తున్న మార్గాలు. వెనుక మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు, ముందు చిన్న లైటు తప్పనిసరి. దారిలో వేధింపులు ఎదురైతే బాలల సహాయ వాణి 1098కు గానీ, అత్యవసర సేవల నంబరు 112కు గానీ ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు చేస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో పిల్లలు ఇంట్లో చెప్పకుండా దాస్తారు. జట్టులో ఒక్కరి తల్లికి తెలిసినా మిగిలిన తల్లులకూ తెలుస్తుంది. అప్పుడు మాన్పించే మాట కాక, మందలించే మాట వస్తుంది.

జట్టు ఏటా చెదిరిపోతుందన్నది మరో చిక్కు. ఒకరు కస్తూర్బా విద్యాలయంలో సీటొచ్చి వెళతారు. ఇంకొకరికి జ్వరం, మరొకరికి పెళ్లి. ముగ్గురు ఇద్దరై, ఇద్దరు ఒక్కరయ్యాక ఆ ఒక్కరూ ఆగిపోతారు. అందువల్ల ఇద్దరితో జట్టు కట్టడం చాలదు. నలుగురికి తగ్గకుండా, వేర్వేరు తరగతుల వారు ఉండేలా చూసుకోవాలి. పదో తరగతి వారు వేసవిలో బడి విడిచి వెళ్లకముందే, ఫిబ్రవరి నుంచే ఊళ్లోని ఏడో తరగతి పిల్లలను ఆదివారాల్లో వెంట తిప్పి దారి, మలుపులు, కల్వర్టు వద్ద గుంతలు చూపాలి. సీటు ఎత్తు ఆ పిల్లలకు సరిపోతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. కూర్చున్నప్పుడు కాలి మునివేళ్లు నేలకు అందకుంటే, జూన్ రాకముందే సెంటర్లోని సైకిలు షాపులో సీటు కిందికి దించుకోవాలి.