ఊరి పేరే తొలి పాఠం

షోళింగనల్లూరు 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. పాత మహాబలిపురం రహదారి వెంట కంప్యూటర్ సంస్థలు వెలసిన తరువాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన కుటుంబాలు అనేకం. మద్రాసు పరిసరాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారు సరేసరి. ఈ రెండు రకాల ఇళ్ళలోనూ చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో అమలు మొదలై, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరించి, 2015-16కు పదవ తరగతిని చేరింది. కాబట్టి మన పిల్లల్లో పలువురికి చేతనైన తొలి భారతీయ లిపి తమిళమే.

ఇక్కడి ఒక నివాస సముదాయంలో ఆదివారాలు మేము తెలుగు తరగతి నడిపాము. మొదట పెద్దబాలశిక్ష దారినే పట్టాము: అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. గుణింతాలు పూర్తికాకముందే పిల్లలు పలచబడ్డారు. లోపం పిల్లలది కాదు, మా పాఠ ప్రణాళికది. ఇంట్లో అమ్మమ్మతో గలగలా మాట్లాడే పిల్లను మాటలే రానిదానిలా కూర్చోబెట్టి 'క' దిద్దించాము.

ఈ పొరపాటు కొత్తది కాదు. పాఠశాలల పరిశీలకుడు జె.ఎ. యేట్స్ 1907 ప్రాంతంలో తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాషకూ బడిలో చెప్పే భాషకూ ఇంత దూరమెందుకని ప్రశ్నించాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ఆ ప్రశ్న ఒక ప్రేరణ. అంతకు ముందే పర్లాకిమిడిలో సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించినవాడు గిడుగు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళాలన్నది ఆయన ఆచరణ సారాంశం. మా పిల్లలకు తెలిసినవి రెండు: నోట తెలుగు, చేత తమిళ లిపి. రెంటినీ కలిపే పాఠం కావలసివచ్చింది.

అది బస్సు బోర్డు మీద దొరికింది. తమిళంలో రాసిన ఊరి పేరును తెలుగులో రాయమన్నాము. అక్షరాల పట్టిక ఎదుట పెట్టి, సాయం మాత్రం చేయలేదు. ఒకరు 'చో' అని మొదలుపెట్టారు, ఒకరు 'సో' అని, మరొకరు 'షో' అని. వాదన లేచింది. తమిళంలో ఆ ఒక్క అక్షరమే చోటును బట్టి రకరకాలుగా పలుకుతుందని పిల్లలే తేల్చారు. అనునాసికం తరువాతి 'క' అక్షరాన్ని 'గ' అని చదువుతున్నామనీ వారే గమనించారు. మరి తెలుగులో రెండక్షరాలెందుకు? 'కుడి', 'గుడి' అని పలికించాము. 'పాట', 'బాట' అని పలికించాము. జవాబు వారి నోటిలోనే ఉంది. తమిళంలో పొల్లుకు పైన చుక్క పెడతారు; మనం 'ల్లూ'లో రెండవ హల్లును కిందికి దించుతాము. తమిళ 'ఊర్' మన నోట 'ఊరు' అవుతుంది, తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది కనుక.

మిగిలింది 'ళ'. తమిళంలో అక్కడున్నది మన 'ళ' కాదు. ఆ అక్షరం తొలినాటి తెలుగు శాసనాల్లోనూ ఉంది. దాన్ని 'ఴ' అని రాస్తారు. తరువాత తెలుగులో ఆ ధ్వని పోయింది. తమిళ 'ఏఴు' మన 'ఏడు', తమిళ 'కోఴి' మన 'కోడి'. ఈ జతలు వినగానే పిల్లలు ఇంకా వెతకడం మొదలుపెట్టారు. తమిళం తమ తెలుగుకు అడ్డు కాదు, అక్కచెల్లెలని అప్పుడు వారికి అర్థమైంది. కొందరు తల్లిదండ్రులకూ ఆ మాట కొత్తే.

ఈ అనుభవం నుంచి మేము గ్రహించినవి మూడు. పాఠం జవాబుతో కాక, పిల్లలు వాదించుకోదగిన ప్రశ్నతో మొదలుకావాలి. సామగ్రి వారి వీధిలోనిదై ఉండాలి. పాఠం చివర తయారయ్యే రాత ఒక మనిషికి చేరాలి. అందుకే ప్రతి నెలా చివరి ఆదివారం ఊళ్ళో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఒక కార్డు రాయించాము. తప్పులు దిద్దలేదు, చదివేవారికి అర్థం కాని చోట మాత్రం పిల్లలే తిరగరాశారు.

గుణింతాలు అక్కరలేదని మా వాదన కాదు. 'తాతయ్య' అని రాయడానికి దీర్ఘమూ వత్తూ కావలసివచ్చిన రోజున గుణింతం తానే వస్తుంది. ఒక తాతగారు కార్డు అందగానే ఫోన్ చేసి, "ఎవరు రాసిపెట్టారమ్మా?" అని మనవరాలిని అడిగారట. "నేనే తాతయ్యా" అన్నదట ఆ పిల్ల. తరువాతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది ఆమే.