బరంపురం న్యాయవాది, భారత రాష్ట్రపతి: వి.వి.గిరి

వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలోని ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆనాడు గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. తండ్రి బాటలోనే నడవదలచిన గిరి 1913లో న్యాయశాస్త్ర అధ్యయనానికై ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు.

ఆంగ్లేయ పాలనపై ఐరిష్ ప్రజలు సాగిస్తున్న పోరాటం ఆయనను ఆకర్షించింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం, ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం ఆయనను దేశం విడిచి పొమ్మన్నది. స్వదేశానికి వచ్చి మద్రాసు హైకోర్టు న్యాయవాదిగా నమోదయ్యారు. కాని 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగానే ఆ వృత్తిని త్యజించారు. 1922లో మద్యం దుకాణాల ఎదుట జరిగిన ఆందోళనలో అరెస్టయ్యారు.

న్యాయస్థానాన్ని వదిలినా వాదనాపటిమను వదలలేదు. దానిని కార్మికుల పక్షాన వినియోగించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. బరంపురం మీదుగా సాగే బెంగాల్-నాగపూర్ రైల్వేలో కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా అహింసాయుతమైన సమ్మెను నడిపించారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా హాజరయ్యారు. 1937 ఎన్నికలలో జస్టిస్ పార్టీ నేత బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

1952లో ఒరిస్సా సరిహద్దున గల పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర కార్మిక మంత్రిత్వం చేపట్టారు. యజమానులకూ కార్మికులకూ తగవు వచ్చినప్పుడు ప్రభుత్వం తప్పనిసరి తీర్పును రుద్దరాదని, ఉభయులూ ముఖాముఖి చర్చించి పరిష్కరించుకోవాలని ఆయన అభిమతం. దీనికే ‘గిరి విధానం’ అని పేరు. చర్చలు ఫలించక వివాదం ట్రిబ్యునల్‌కు వెళితే, ఆ తీర్పును ప్రభుత్వమూ గౌరవించాలి కదా! 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించగా, గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు.

అనంతరం ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించగా, ఆ బాధ్యతలు స్వీకరించారు. జూలైలో వాటిని వదలుకొని స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలలో నిలిచారు. కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కూడా తెలుగువారే. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయవలసిందిగా సభ్యులను కోరారు. తొలి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ ఆధిక్యం రాలేదు. ద్వితీయ ప్రాధాన్య ఓట్లను కూడా లెక్కించిన పిమ్మట గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ లభించింది. ఆ ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యంలో రాష్ట్రపతి హోదాలోనే సుప్రీంకోర్టు ఎదుట స్వయంగా సాక్ష్యమిచ్చారు. 1970లో ఆ వ్యాజ్యం కొట్టివేయబడింది.

1975లో భారతరత్న పురస్కారం పొందిన గిరి 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరును ధరించి ఉంది. ఎల్లలు మారి జన్మస్థలం పొరుగు రాష్ట్రానిదైనా, అక్కడి తెలుగు బిడ్డ దేశానికంతటికీ ప్రథమ పౌరుడు కాగలిగాడన్న సంగతి సరిహద్దు గ్రామాల విద్యార్థులు తెలుసుకొనదగినది. పదవిని అందుకొనడంతోపాటు, మాట నిలుపుకొనవలసి వచ్చినప్పుడు దానిని విడిచిపెట్టడం కూడా ఆయన జీవితంలోని పాఠమే.