మీకు తెలుసా? భీమిలిలో డచ్చివారి సమాధులు

విశాఖ నుంచి తీరం వెంబడి సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్తే, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం వస్తుంది. జనం నోట భీమిలి. 17వ శతాబ్దంలోనే డచ్చివారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. కోసుగా పైకి లేచిన వాళ్ల సమాధులు బీచి దగ్గరే ఉన్నాయి, చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. అంతకన్నా పాతది పావురాళ్లకొండ: వాననీళ్లు పట్టుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు ఇంకా కనిపిస్తాయి.

దారిలోని ఎర్రమట్టి దిబ్బలు అసలు మట్టి కాదు, ఇసుకే. రేణువుల మీద పేరుకున్న ఇనుప తుప్పు వల్ల ఆ ఎరుపు. సినిమావాళ్లకు ఇష్టమైన వాగుల్లాంటి ఆ లోతైన గండ్లు వాననీటి కోత పనే. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే కష్టం.