ఎత్తు కంటె ముందు టైరు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఈ మూడు పట్టణాల నడుమ నేల ఒక్క తీరున ఉండదు. హిందూపురం చుట్టుపట్ల ఎర్రమన్ను, గరుసు. పెనుకొండ దాపున కొండలు, గుండ్లు, వాన కురిసినప్పుడు బాటలను కోసివేసే వంకలు. ధర్మవరం వైపు సాగితే చిత్రావతి. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుక తప్ప నీరు కనిపించని నది. చెరువుల కడుపున మాత్రం నల్లని బంకమన్ను. 44వ జాతీయ రహదారి పెనుకొండ పక్కగా నున్నగా సాగిపోతున్నది గాని, ఆ రహదారి దిగిన మరుక్షణమే బండికీ నేలకూ అసలు పోరు మొదలవుతుంది. పట్టుగూళ్ళను హిందూపురం మార్కెట్టుకు చేర్చే రైతు, పల్లెల నుండి చింతపండు బస్తాలు తెచ్చే వ్యాపారి, చేనికి కూలీలనూ ఎరువునూ తీసికొనిపోయే ఆసామి - వీరందరూ పికప్పు బండిని నమ్ముకొన్నది ఆ పోరు కోసమే.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్పులు, జనం 'ఫోర్ బై ఫోర్' అని పిలిచేవి, మన దేశంలో మొదటి నుండీ తక్కువే. మహీంద్రావారి బొలెరో క్యాంపరు, టాటావారి జెనాన్ అట్టివి. నాటి చిత్తూరు జిల్లాలో, నేటి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైనది. ఆ ఏడే 'వి-క్రాస్' అనే పికప్పు అక్కడి నుండి అమ్మకానికి వచ్చింది. ఆ నాటి బండ్లు ఇప్పుడు పాతబడినవి. పెనుకొండ చేరువ ఎర్రమంచిలో 2019 నుండి కియా కర్మాగారం కొత్త కార్లను బారులు తీర్చి పంపుతూ ఉన్నా, చేలగట్లకు పోవలసినవాడి చూపు ఆ పాత బండి మీదనే నిలుస్తుంది. కొన్నవానికి మొదట కలిగే కోరికలు రెండు: బండిని ఎత్తు చేయించుట, పెద్ద గుబ్బల టైర్లు వేయించుట. సాధారణంగా ఈ వరుసలోనే కలుగుతవి. వరుస తారుమారు కావడంలోనే చిక్కంతా ఉన్నది.

ఎత్తులు రెండు విధాలు. కమానుల మీద బండి తొట్టి, చాసిస్ ఎంత ఎత్తున ఉన్నవనునది ఒకటి. ఇరుసు నేలకు ఎంత ఎత్తున ఉన్నదనునది రెండవది. బాట నడుమ పొడుచుకొని వచ్చిన రాయి మొదట తాకేది ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ పెట్టెకు. చాసిస్‌ను ఎంత పైకి ఎత్తినా వెనుక ఇరుసు ఉన్నచోటనే ఉంటుంది. వృత్తకేంద్రం నేలకు ఎంత ఎత్తున ఉంటుందని తొమ్మిదవ తరగతి విద్యార్థిని అడిగితే వ్యాసార్ధమంత అని చెబుతాడు. కేంద్రం లేవవలెనంటే వ్యాసార్ధం పెరగవలె. అనగా టైరు పెరగవలె. లిఫ్టు కిట్టు అమ్మే దుకాణంలో ఈ చిన్న సంగతి చెప్పేవారు అరుదు.

లెక్క వేసి చూడవచ్చును. తొలి వి-క్రాస్ టైరు మీద 245/70 ఆర్ 16 అని ఉంటుంది. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు. చక్రపు రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. రెండు గోడలనూ రిమ్మునూ కలిపితే మొత్తం వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు. దానికి బదులు 265/75 ఆర్ 16 వేస్తే వ్యాసం సుమారు 804. ఇరుసు లేచేది ఇందులో సగం, 27 మిల్లీమీటర్లు. అనగా అంగుళం పైచిలుకు. ఆ అంగుళానికి చెల్లించే మూల్యం కూడ ఉన్నది. మీటరు ముల్లు 60 చూపినప్పుడు బండి నిజంగా 64 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఇంజనుకు గేర్లు బరువెక్కినట్లు తోస్తుంది. బ్రేకుకు పని పెరుగుతుంది. పైగా ఫోర్ బై ఫోర్ బండికి ముందు ఒక కొలత, వెనుక ఒక కొలత టైర్లు వేయకూడదు. నాలుగు చక్రాలనూ కలిపి తిప్పేటప్పుడు చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగగోరుతుంది, పెద్దది తక్కువ. ఆ తగవు ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ళ మీద పడుతుంది. స్టెప్నీకీ ఇదే నియమం. కనుక కొనవలసినవి నాలుగు కావు, అయిదు.

మరి లిఫ్టు ఎందుకు? పెద్ద టైరు మడ్‌గార్డుకు ఒరుసుకొనకుండ చోటు కల్పించడానికి. గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి కడుపు తగలకుండ చూడడానికి. ఇంతవరకు అది న్యాయమే. కాని లిఫ్టు టైరుకు సేవకుడు. టైరు తేల్చుకొనక ముందే సేవకుణ్ణి కుదుర్చుకొనరాదు.

పాత బండి విషయంలో అంతకంటె ముందు చూడవలసినది మరొకటి ఉన్నది. ఏళ్ళ తరబడి బరువు మోసిన కమాను కట్టలు వంపు పోయి చదునవుతవి. అట్టి బండి తన పుట్టుకనాటి ఎత్తును ఎప్పుడో కోల్పోయి ఉంటుంది. చదునైన నేలమీద నిలిపి, చక్రం నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచువరకు టేపుతో నాలుగు వైపులా కొలిస్తే ఎటు కుంగినదో తెలుస్తుంది. రహదారుల పక్కన కొలిమి పెట్టుకొని కమాను కట్టలు సరిచేసేవారు ఉన్నారు. పట్టాలను విప్పి, విరిగినవి మార్చి, వంపు తెప్పించి, బుష్షులు కొత్తవి వేస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. లిఫ్టు కావలెనని వచ్చిన బండ్లలో కొన్నింటికి ఈ చికిత్సే చాలును. అది చాలనప్పుడు కట్టకు ఒక పట్టా చేర్చడమో, షాకిళ్ళను పొడిగించడమో చేస్తారు. షాకిల్‌ను రెండంగుళాలు పొడిగిస్తే బండి లేచేది దాదాపు అంగుళమే. పాత జీపులవలె ముందు కమానుకు ముందు కొననే షాకిల్ ఉన్న బండ్లలో ఈ పని చేస్తే ఇరుసు వాలు మారి స్టీరింగు నిలకడ తప్పుతుంది; తిన్నని దారిలో కూడ బండి అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఇరుసుకూ కమానుకూ నడుమ ఇనుప దిమ్మెలు పెట్టే పద్ధతి వెనుకకు సరిపోవచ్చును గాని, ముందు చక్రాలకు ఎన్నడూ కూడదు. ముందు భాగాన మరచుట్టు స్ప్రింగులున్న వి-క్రాస్ వంటి బండ్లలో రెండంగుళాలు దాటితే చక్రాలను తిప్పే కడ్డీల కీళ్ళు ఏటవాలై త్వరగా అరుగుతవి. బ్రేకు గొట్టాల పొడవు సరిపోతుందో లేదో చూడని మెకానిక్కు చేత లిఫ్టు వేయించుకొనుటకంటె వేయించుకొనకపోవుటే మేలు.

ఎత్తు పెరిగిన కొలది బోల్తాపడే గుణం పెరుగుతుంది. చక్రాల నడుమ వెడల్పు 150 సెంటీమీటర్లు, గురుత్వకేంద్రం నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. అట్టి బండి కాగితం మీది లెక్కలో 45 డిగ్రీల వాలువరకు ఒరగదు. కేంద్రాన్ని 10 సెంటీమీటర్లు లేపితే ఆ హద్దు 41 డిగ్రీలకు దిగుతుంది. తొట్టిలో బస్తాలు పేర్చి కేంద్రం 110కి చేరినప్పుడు 34. దాని మీద లిఫ్టు కూడ చేరితే 32. కమానుల ఊగులాట, మలుపు విసురు ఈ హద్దును ఇంకా తగ్గిస్తవి. ఆ బస్తాల మీద కూలీలు కూర్చుండడం, బడి పిల్లలు ఎక్కడం తెలిసినదే. బొమ్మల్లో చూసి మురిసే ఎత్తుకు వెల చెల్లించేది వారు.

ఎత్తైన బండి నీటిని గెలుస్తుందన్న భ్రమ మరింత ప్రమాదకరం. 2021 నవంబరు 19న చిత్రావతికి వరద వచ్చినప్పుడు, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద కారులో చిక్కుకొన్నవారిని రక్షించబోయిన జేసీబీ యంత్రం కూడ ప్రవాహంలో చిక్కుపడింది. చివరకు 10 మందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది. జేసీబీ ఎత్తు ముందు ఏ పికప్పు ఎత్తు ఎంత? మోకాలి లోతు పరుగునీరు బండిని పక్కకు తోస్తుంది. తొట్టి మునిగే కొలది నీరే దాన్ని పైకి ఎత్తి చక్రాలకు నేలను దూరం చేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన టైరుకైనా పట్టుకొనడానికి ఏమీ ఉండదు.

చట్టం మాట కూడ ఉన్నది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా నొక్కి చెప్పింది. సరకు బండిగా నమోదై ఎనిమిదేళ్ళు దాటిన పికప్పు ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు పోక తప్పదు. మార్పు మాట రవాణా కార్యాలయంలోను, భీమా సంస్థలోను ముందుగా అడిగి, వ్రాతమూలకంగా తెలిసికొన్న తరువాతనే చేయించుట క్షేమం. తయారీదారు ఇచ్చిన కొలతలోనే మంచి టైరును ఎన్నుకొన్నవానికి ఈ బెడదే లేదు.

ఆ ఎన్నిక నేలను బట్టి జరగవలె. నెలలో ఇరవై అయిదు రోజులు తారురోడ్డు, అయిదు రోజులు చేనిబాట అయినవానికి పెద్ద గుబ్బల బురద టైరు దండుగ. తారు మీద హోరెత్తుతుంది, తడిరోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది. చెరువు లోపలి బంకమన్నులో మాత్రం దానికి సాటి లేదు; గుబ్బల నడుమ సందులు వెడల్పై మన్నును విదిలించుకొంటవి. గరుసుకు, గుండ్లకు, ఇసుకకు 'ఆల్ టెరైన్' అని పిలిచే మధ్యరకమే ఈ సీమకు తగినది. ఇక్కడి టైరుకు మరొక శత్రువు ఉన్నది - సర్కారు తుమ్మ. ఆ కంపముల్లు టైరు అడుగున గుచ్చుకొంటే అతుకు వేసికొనవచ్చును. పలుచని పక్కగోడలో దిగితే టైరు పోయినట్లే. కావున గుబ్బల అందం చూడక ముందు గోడల పొరల బలం అడగవలె. గోడ మీద తయారీ తేదీ కూడ నాలుగంకెలలో ఉంటుంది: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గుబ్బ అరగకున్నా రబ్బరు ముసలిదై బీటలు వారిన టైర్లు సెకండుహ్యాండు దుకాణాలలో తళతళ మెరుస్తూ నిలబడి ఉంటవి.

ఇక ఇసుక. పూర్వం ఎద్దుబండికి నిలువెత్తు కొయ్యచక్రాలుండేవి. వాటి ఇనుప పట్టీ ఇసుకలో కత్తివలె దిగేది. తరువాత వచ్చిన టైరు బండి చక్రం పొట్టిది. అయినా అదే ఇసుకలో అదే జత ఎడ్లతో ఎక్కువ బరువు లాగింది. గెలిపించినది ఎత్తు కాదు, వెడల్పూ గాలీ. డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన గాలి టైరు కిటుకే ఇది. ఒక చక్రం మీద 500 కిలోల బరువు ఉన్నదనుకొంటే, 32 పౌండ్ల గాలి ఉన్నప్పుడు టైరు నేలను తాకే మేర సుమారు 222 చదరపు సెంటీమీటర్లు. రెండు పోస్టుకార్డులకు కొంచెం తక్కువ. గాలిని 16 పౌండ్లకు దించితే అది మూడున్నర పోస్టుకార్డులవుతుంది. పైసా ఖర్చు లేకుండ దొరికే ఈ పట్టును ఏ లిఫ్టు కిట్టూ ఇవ్వలేదు. ఖాళీ బండి అయితే 18 పౌండ్ల వద్ద ఆగడం మంచిది. బరువుంటే ఇంకా ముందే ఆగవలె. మరీ దించితే మలుపులో టైరు రిమ్మును వదిలి ఊడుతుంది. అందువల్ల ఇసుక బాటకు పోయే బండిలో గాలి కొలిచే గేజీ, బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉండి తీరవలె. అవతలి గట్టెక్కి ధర్మవరం తారురోడ్డు పట్టక ముందే ఆగి, తిరిగి పూర్తిగా గాలి నింపుకొనవలె. దిగిన గాలితో వేగంగా పోతే టైరు గోడ మడతపడి, వేడెక్కి, కొన్ని మైళ్ళలోనే పగులుతుంది.